బిలోలి మీదుగా

మా చిన్నబాపు పదోదినం నాడు భోజనాలయ్యాక, వరండాలో వక్కలు నములుతూ కూర్చున్న చుట్టాలు ఆయన గురించి ఒక కథ చెప్పుకున్నారు. పదమూడేళ్ళుగా చెప్పుకుంటున్న కథే. ఒక్కడే కారేసుకుని మద్రాసు పోతూ, బిలోలిలో సొంత అక్క ఇంటి ముందు నుంచి ఆగకుండా పోయాడట. ఆ అక్క పొద్దుటి నుంచి వంట చేసుకుని కూర్చుందట. ఈయన హారను కూడా కొట్టలేదట. "మనిషి మంచోడే. గర్వమే జెర ఎక్కువ" అని ఒకరు. "జెరనా?" అని ఇంకొకరు. నవ్వులు.

నేను లోపలి నుంచి వచ్చి, "కారు ఆగింది" అన్నాను.

"నువ్వు జూసినవానె?" అన్నాడు డెగ్లూర్ మామ. చిన్నబాపు భార్యకు, అంటే మా చిన్నమ్మకు, పెద్దన్న ఆయన.

"మీరు జూసిన్రా?"

ఎవరూ చూడలేదు. అయినా నా మాట ఎవరూ ఒప్పుకోలేదు, నా నోటికి జడిసి ఊరుకున్నారు అంతే. ఊరుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. నేను వంటింట్లోకి పోగానే మళ్ళీ మొదలుపెట్టారు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందే ఒక సంగతి చెప్పేస్తే తర్వాత ఎవరూ వెతుక్కోనక్కర్లేదు. ఆయన పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. మే నెల. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాడు. నాలుగింటికి చాయ్‌కి లేపితే లేవలేదు. నేను గ్లాసు పట్టుకుని నిలబడి, దాన్ని ఎక్కడ పెట్టాలా అని ఆలోచించాను. చివరికి నేనే తాగాను. ఆ మాట కూడా చుట్టాలకు దొరికింది, చెప్పుకుంటున్నారు. అది నిజమే. దాని మీద నాకు పేచీ లేదు.

నాకు ఆరేళ్ళప్పుడు మా బాపు పోయాడు. అప్పటి నుంచి అమ్మా నేనూ ఆయన తమ్ముడైన ఈ చిన్నబాపు ఇంట్లోనే ఉన్నాం. నాందేడ్ ఇత్వారాలో ఆయనకు ఆయిలింజన్ సామాన్ల దుకాణం. చేతుల గ్రీజు వాసన ఎప్పుడూ పోయేది కాదు. రంపపు పొట్టుతో రుద్ది, సబ్బుతో కడిగి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, మళ్ళీ రుద్దేవాడు. అన్నానికి కూర్చునే ముందు ఇదొక పావుగంట తతంగం. చిన్నమ్మ కంచం ముందు కూర్చుని, "చెయ్యి మిగిలితె రా" అనేది.

కారు నల్లది. పుణెకు మకాం మార్చిన ఒక డాక్టరు దగ్గర కొన్నాడు. ముందు హ్యాండిల్ పెట్టి తిప్పితే గాని లేచేది కాదు. ఆయన లారీ వాళ్ళతో మరాఠీ, మెకానిక్కులతో ఉర్దూ, కారుతో తెలుగు మాట్లాడేవాడు. మనుషులతో కన్నా కారుతోనే ఎక్కువ మాట్లాడేవాడంటే ఎక్కువ చేసి చెప్పినట్టు కాదు. "ఏమే, లేస్తవా లేవవా? ఎండ నెత్తికెక్కింది, ఇంక ముసుగు తన్ని పండుకున్నవ్" అని హ్యాండిల్ తిప్పుతూ గల్లీ అంతా వినపడేట్టు అరిచేవాడు. లోపలి నుంచి చిన్నమ్మ, "నన్నేనా?" అని అడిగేది. ఇంజను అంటుకోగానే తెల్లటోపీ తీసి, దులిపి, మళ్ళీ పెట్టుకుని, ఏదో పెద్ద ఆఫీసరు ముందుకు పోతున్నట్టు సీట్లో కూర్చునేవాడు.

పక్కన ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. దూరం పోయేటప్పుడు ఆ సీట్లో నీళ్ళ డబ్బా, మడత పెట్టిన జంఖానా ఉండేవి. ఒకసారి హైదరాబాదుకు నేనూ వస్తానని గొడవ చేశాను. "పక్కన మనిషుంటె నా కండ్లు మనిషి మీదనే ఉంటయి, తొవ్వ మీద ఉండయి. అండ్ల నువ్వు. నువ్వైతె నాందేడ్ దాటకముందే నాతోని పంచాయితి పెడ్తవ్" అన్నాడు. నేను బస్సులో పోయాను. నిజమే, కండక్టరుతో పంచాయితీ అయింది.

కారెక్కడం కన్నా పెద్ద పని దారి ఎంచుకోవడం. నాందేడ్ నుంచి హైదరాబాదుకు మూడు దారులు. అందరూ మైళ్ళు లెక్కేస్తారు, ఆయన చుట్టాలను లెక్కేసేవాడు. ఇది నవ్వులాట కాదు. చుట్టం ఉన్న ఊరి మీదుగా పోతూ ఆగకపోతే మావాళ్ళలో అది తిట్టిన దాని కన్నా ఎక్కువ. ఆగితేనేమో చాయ్‌తో వదలరు. "గింత బువ్వ తిని పో" అంటారు. బువ్వ తింటే "ఎండ చల్లవడ్డంక పోదువు" అంటారు. ఎండ చల్లబడితే "ఇగ పొద్దుగూకె, పొద్దుగాల్నె పో". డెగ్లూర్ దారిలో చిన్నమ్మ అన్నదమ్ములు ముగ్గురు, మూడిళ్ళు. ఒక రోజు పోయినట్టే. బిలోలి దారిలో ఆయన అక్క, అంటే మా మేనత్త. ఇక భోకర్ దారి అన్నిటి కన్నా చుట్టుతిరుగుడు. భైంసా, నిర్మల్ పోయి అక్కడ పెద్ద రోడ్డెక్కాలి. కాని ఆ దారి పొడుగునా మా చుట్టమన్నవాడు లేడు.

ఈ లెక్కంతా దుకాణం గచ్చు మీద జరిగేది. ఇంజను సామాన్లు తెచ్చి పరిచేవాడు. పెద్ద బోల్టు హైదరాబాదు. నట్లు ఊళ్ళు. ఊళ్ళో చుట్టమున్న ఇళ్ళు ఎన్నో అన్ని వాషర్లు ఆ నట్టు పక్కన. గొంతుక్కూర్చుని, గడ్డం మోకాలి మీద పెట్టుకుని, ఒక్కో దారినీ చూసేవాడు. ఒకనాడు గిరాకీ వచ్చి కింద పడున్న నట్టు తీసి కొలత చూసుకుంటుంటే, "అరె, ఠేవ్ తే, ఠేవ్! నిర్మల్ ఆహే తే!" అని మరాఠీలో అరిచాడు. అది పెట్టెయ్, అది నిర్మల్ అని. ఆ రైతు నట్టునూ ఈయననూ మార్చి మార్చి చూసి, మళ్ళీ ఆ దుకాణానికి రాలేదు.

నేను బీఏలో చేరిన కొత్తలో కాలేజీ లైబ్రరీ నుంచి పెద్ద అట్లాసు తెచ్చి చూపించాను. నాలుగు మైళ్ళ దూరం నుంచి గ్రీజు అంటుకుంటుందన్నంత జాగ్రత్తగా చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు.

"మంచిగున్నది. గిండ్ల మన డెగ్లూరోళ్ళు యాడున్నరు?"

"అట్లాసుల చుట్టాలుండరు చిన్నబాపూ."

"అయితె గిది తయారు జేసినోనికి అక్కచెల్లెండ్లు లేరు గావచ్చు" అని పోయి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు.

దారి బాగుందా లేదా అని ఊరి బయట లారీలు ఆగే నాకా దగ్గర ముగ్గురు డ్రైవర్లను అడిగేవాడు. అడగ్గానే టక్కున చెప్పినవాణ్ణి నమ్మేవాడు కాదు. ఒకసారి నేను పక్కనే ఉన్నాను. మొదటివాడు బీడీ కూడా నోట్లోంచి తీయకుండా, "ఏక్‌దమ్ ఛాన్ రస్తా, కాకా! బిన్‌ధాస్త్ జా!" అన్నాడు, దారి భేషుగ్గా ఉంది, బెంగ లేకుండా పొమ్మని. చిన్నబాపు వాడికి దండం పెట్టి పక్కకొచ్చి, "వీడు కండ్లు మూసుకొని నడిపిండు" అన్నాడు. రెండోవాడు తల గోక్కుని, భైంసా దాటాక ఒక గుంత ఉందన్నాడు, కాదు రెండన్నాడు, రెండోది నిన్న పూడ్చినట్టున్నారన్నాడు. "గీయన జూసిండు తొవ్వ."

ఈ అలవాటు పుట్టుకతో వచ్చింది కాదు. బిలోలి పెళ్ళి నేర్పింది.

అప్పుడు నేను మెట్రిక్‌లో ఉన్నాను. అత్త పెద్దకూతురి పెళ్ళి. మా బాపు లేడు కనుక మేనమామ అంటే చిన్నబాపు ఒక్కడే. పెళ్ళిపిల్ల మేనమామ తెచ్చిన చీర కట్టుకోవాలి, మేనమామ చెయ్యి పట్టుకుని మండపంలోకి రావాలి. మేమంతా ముందురోజే బస్సులో పోయాం. కారు కొన్న కొత్త. దాన్ని అక్క వాకిట్లో నిలబెట్టాలని ఆయన కోరిక. ఏదో మరమ్మత్తు తేలక, చీర సీటు మీద పెట్టుకుని పెళ్ళినాడు తెల్లారి బయలుదేరాడు. రాత్రి అకాలవాన కురిసింది. నాకా దగ్గర అడిగితే నాయ్‌గావ్ అవతల వాగు వచ్చిందని, కంధార్, ముఖేడ్ మీదుగా చుట్టు తిరిగి పొమ్మని ఒకడు టక్కున చెప్పాడు. ఈయన తిరిగాడు. వాగు తెల్లారేసరికే తగ్గిపోయింది. బస్సులు వచ్చాయి, బ్యాండువాళ్ళు వచ్చారు, పూలవాడు కూడా వచ్చాడు. చిన్నబాపు వచ్చేసరికి తాళి కట్టి రెండు గంటలైంది. పిల్ల వేరే చీర కట్టుకుంది, వరసకు మేనమామ అయ్యే ఇంకొకాయన చెయ్యి పట్టుకుని వచ్చింది.

చీర రెండు చేతుల మీద పెట్టుకుని గడపలో నిలబడ్డాడు. మోకాళ్ళ దాకా బురద. అలవాటు ప్రకారం ఎవరో కాళ్ళకు నీళ్ళు తెచ్చారు. అత్త ఆ చెంబు లాక్కుంది.

"అందరొచ్చిన తొవ్వ నీకొక్కనికే దొరకలేదారా? బ్యాండోనికి దొరికింది, నీకు దొరకలే?"

"వాగొచ్చింది అన్నరే అక్కా..."

"ఎవ్వడన్నడు? వానికి మేనకోడలున్నదా? నీకున్నది!" అని నీళ్ళు వాకిట్లో పారబోసింది. "ఇగ నా చేతి నీళ్ళు నీకు లెవ్వు. నేను సచ్చేదాక లెవ్వు."

ఆయన చీర అరుగు మీద పెట్టాడు. "నీ చేత్తోని నీళ్ళిచ్చిననాడే నీ గడప తొక్కుత" అన్నాడు. అదీ గొంతు పెంచకుండా. కారు వెనక్కి తిప్పుకుని పోయాడు. అత్త గడప ఆయన మళ్ళీ తొక్కలేదు.

పదకొండేళ్ళు. మూడు నెలలకోసారి హైదరాబాదు పోయేవాడు, ప్రతిసారీ భోకర్ మీదుగా. బిలోలి దాటకుండా పోవడానికి సగం రోజు ఎక్కువ నడిపేవాడు. ఊళ్ళో వాళ్ళు ఊరుకుంటారా, భోకర్‌లో ఆయనకెవరో ఉందన్నారు. ఒకావిడ ఇంటికి వచ్చి మరీ చిన్నమ్మ చెవిలో వేసింది. చిన్నమ్మ పప్పులో రాళ్ళు ఏరుతూ, "ఉంటె ఈడికే తోలుకరమ్మను. పనికన్న ఆసరైతది" అంది.

అక్క మాట ఇంట్లో ఎత్తేవాడు కాదు. గచ్చు మీద సామాన్లు పరిచినప్పుడు బిలోలి నట్టు పెట్టేవాడు కాదు. అక్కడ ఉత్త గచ్చు ఉండేది. దాని మీద చెయ్యి పడితే తుడిచినట్టు తీసేసేవాడు.

కరువు పోయిన మరుసటి ఏడు ఇంజన్లకు గిరాకీ బాగా పెరిగింది. మద్రాసులో ఏవో సామాన్లు నేరుగా దొరుకుతాయని తెలిసి, తనే పోయి తెస్తానన్నాడు. ఒక్కడే. అప్పటికి నేను ఆడపిల్లల బడిలో టీచరును. బడి వదిలాక దుకాణానికి పోతే గచ్చు నిండా నట్లు. మద్రాసు బోల్టు గుమ్మం దాకా పోయింది.

"హైదరాబాద్ దాటినంక మనోళ్ళెవ్వరు లేరు. ఇగ ఆడికెల్లి ఏ తొవ్వైన ఒక్కటే" అన్నాడు. ఎంచుకోవాల్సింది ఎప్పటిలాగే మొదటి సగంలోనే. భోకర్ నట్టు పెట్టి ఉంది.

నేను డబ్బాలోంచి ఒక నట్టు తీసి ఉత్త గచ్చు మీద పెట్టాను.

"గిదేంది?"

"బిలోలి."

"తియ్యి."

"తియ్య. గంత దూరం ఒక్కనివి నడుపుతవ్, ఇంక నిర్మల్ దాక చుట్టు తిరుగుడెందుకు?"

"నడిపేది నేను, నొచ్చేది నా నడుము. నీకేం నొప్పి?"

"అక్క సుత నీదే గదా. నొప్పి లేదా?"

ఆయన ఆ నట్టు తీసుకుని బొటనవేలి గోరుతో లోపలి మరలు తడిమాడు. "మరలు అరిగినయి దీనికి" అన్నాడు.

"అరిగినా ఆడనే ఉంటది."

తల ఎత్తకుండా అడిగాడు: "నీళ్ళిస్తదా?"

"ఇస్తది."

"అన్నదా?"

"అన్నది. ఉత్తరం రాసింది. తన చేత్తోనే ఇస్త అన్నది."

నిజానికి అత్త రాసిన కార్డులో ఉన్నది ఒక్క మాట: రానియ్యి. పోయిన వారం నేనే రాశాను, ఫలానా గురువారం ఆయన్ను మీ దారిన పంపుతాను అని. దానికి జవాబు. చేతి మాట, నీళ్ళ మాట అందులో లేవు. అవి నేను కల్పించాను, క్షణం కూడా ఆలోచించలేదు. టక్కున చెప్పినవాణ్ణి నమ్మని మనిషి నన్ను నమ్మాడు. భోకర్ నట్టు తీసి డబ్బాలో వేశాడు.

గురువారం పొద్దున్నే చిన్నమ్మ శకునానికి ఆయన చేతిలో పెరుగు వేసింది. ఆయన గడ్డం గీయించుకుని, ఉతికిన ధోతి కట్టుకుని ఉన్నాడు. మద్రాసు పోయేవాడు ధోతి ఎందుకు కట్టాడో నాకు తెలుసు, చిన్నమ్మకు తెలుసు, ఎవరమూ అనలేదు. టోపీ దులిపి పెట్టుకున్నాడు. "ఏమే, నడువు. ఇయ్యాల మర్యాదగ నడువు" అన్నాడు కారుతో.

పన్నెండు రోజులకు వచ్చాడు. భోకర్ మీదుగా వచ్చాడు. అప్పటికే అత్త కార్డు వచ్చి ఉంది: ఆయన నా గడప తొక్కలేదు, ఇక ఆయన సంగతి నాకు రాయకు. అది చదివి నేనూ అందరూ నమ్మిందే నమ్మాను. ఆగకుండా పోయాడనే.

స్నానం చేసి, భుజం మీద తువ్వాలతో వరండాలోకి వచ్చాడు. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఎదురుగా కూర్చోలేదు. స్తంభానికి ఆనుకుని నిలబడి, "బిలోలి దిక్కు అందరు మంచిగనే ఉన్నరానె?" అని అడిగాడు.

పదకొండేళ్ళలో ఆ ఊరి పేరు ఎత్తడం అదే. నేను ఎర్రసిరా కలం కిందపెట్టకుండా జవాబిచ్చాను. "ఆగని మనిషికి నీకెందుకు? ఉన్నా సచ్చినా నీకు ఒక్కటే గదా."

ఆయన తువ్వాల తీసి దండెం మీద వేశాడు. "గట్లనే గానియ్యి" అని దుకాణానికి పోయాడు. పేపర్లన్నీ ఆ పూటే దిద్దేశాను. ఒక్క మార్కు కూడా తప్పు పడలేదు.

రెండు నెలలకు బిలోలిలో పరీక్షల డ్యూటీ పడింది. అత్త ఇల్లున్న గల్లీలో ఎదురుగా ఒక దర్జీ. నేను అక్కడ ఆగి, మాటల్లో, మా చిన్నబాపు ఆ రోజు ఆగకుండా పోయాడు కదా అన్నాను. ఆయన కత్తెర ఆపాడు. "కౌన్ బోలా బాయి, రుకే నై? మై ఖుద్ దేఖా." ఆగలేదని ఎవరన్నారు, నేనే చూశాను అని.

ఆయన కళ్ళారా చూసింది ఇది. కారు గల్లీ మొదట్లో ఆగింది. చిన్నబాపు నడిచి వచ్చాడు. అరుగు కింద చెప్పులు విడిచాడు. అరుగు మీద నీళ్ళ గంగాళం, దాని మీద చెంబు ఉన్నాయి. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఈయన గంగాళం మీదికి వంగాడు. ఒక కాలరు కుట్టేంతసేపు అలాగే నిలబడ్డాడు. టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. నీళ్ళు ముట్టలేదు. తలుపు ముట్టలేదు. చెప్పులు తొడుక్కుని పోయాడు.

ఇది తెలిశాక ఆయన్ను అడగొచ్చు. ఒకే ఇల్లు, రోజుకు రెండుసార్లు అన్నం వడ్డించేదాన్ని. పదమూడేళ్ళు వడ్డించాను. "కూర ఎయ్యాల్నా?" అని అడిగాను, "మందులు ఏసుకున్నవా?" అని అడిగాను. ఇది అడగలేదు. అడిగితే నేను చెప్పిన చేతి మాట బయటికొస్తుంది. నా నోరు ఊరంతటికీ తెలుసు. అది మూసుకోవాల్సిన చోట ఎంత గట్టిగా మూసుకుంటుందో నాకొక్కదానికే తెలుసు.

ఇప్పుడు ఈ మే నెల. మగవాళ్ళు గోదావరి ఒడ్డున దహనం చేసి వచ్చే వేళకు, మావాళ్ళ పద్ధతి ప్రకారం వాకిట్లో గంగాళం నిండా నీళ్ళు పెట్టి, మీద చెంబు పెట్టాం. చావు చూసి వచ్చినవాళ్ళు ఎవరి నీళ్ళు వాళ్ళే ముంచుకుని కాళ్ళు కడుక్కుని లోపలికి రావాలి. ఎవరూ చేతికి ఇవ్వకూడదు. చావింట తప్ప ఇంకెప్పుడూ ఇలా పెట్టరు. అందరూ కడుక్కుని వచ్చాక రిక్షా దిగింది బిలోలి అత్త. ఆలస్యంగా వచ్చింది. బస్సు దొరకలేదట. డెబ్బై దాటిన మనిషి. వాకిట్లోకి వచ్చి ఆ గంగాళం ముందు ఆగిపోయింది.

"అత్తా, కడుక్కొని రా" అన్నాను.

ఆమె కదల్లేదు. "గిట్లనే పెట్టిన్నె" అంది.

"ఏంది?"

"ఆ దినం. ఆనికి. గిట్లనే పెట్టిన." గంగాళం అంచు మీద చెయ్యి పెట్టింది. "నా చేతితోని ఇయ్యనంటి. మాటెట్ల తప్పాలె? ఆనికి ఆడే ముంచుకుంటె నా చెయ్యి గాదాయె గదా. మాటకు మాట ఉంటది, ఆడు లోపటికొస్తడు. పొద్దుగాల్నె నింపి పెట్టి తలుపేసి ఎనక కూసున్న."

"తలుపెందుకు ఏసినవ్?"

"మొకం జూస్తె నేనే ముందుగాల ఏడుస్తుంటి. చెంబు చప్పుడైతె తీద్దమనుకున్న. చెప్పులిడిసిన చప్పుడైంది. కూసున్న. ఎదురుజూసిన. చెంబు చప్పుడు కాలేదు." అంచు మీంచి చెయ్యి తీసి, "కారు చప్పుడైంది" అంది.

తర్వాత వంగి, తనే చెంబు ముంచుకుని కాళ్ళు కడుక్కుంది. నేను తువ్వాల ఇచ్చాను. లోపలికి పోయి గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె కూడా ఏడవలేదు. నేను వాకిట్లోనే ఉండి ఆ గంగాళాన్ని చూస్తూ నిలబడ్డాను. బయట పెట్టిన నీళ్ళు, దగ్గరగా వేసిన తలుపు, ఎవరూ లేని అరుగు. పదమూడేళ్ళ కింద ఆయన చూసింది ఇదేనని అప్పుడు తట్టింది.

డెగ్లూర్ మామకు తర్వాత ఇదంతా చెబితే, "అయితె సావిల్లు అనుకున్నడు, పాపం. అంతే" అన్నాడు. అంత తేలిగ్గా తేలిపోతుందా? చావిల్లనుకుంటే లోపలికి పోవాల్సిందే. చావింటికి మావాళ్ళలో ఎవరినీ పిలవరు, పగవాడైనా పిలవకుండానే వస్తాడు, పంతాలు ఆ ఒక్కపూట పక్కన పెడతారు. పైగా అక్క ఇల్లు. ఎవరు పోయారో కనుక్కోకుండా ఏ తమ్ముడైనా కారెక్కుతాడా? మరి తన కాళ్ళకు పెట్టిన నీళ్ళే అనుకున్నాడా? అనుకుంటే ధోతి కట్టుకుని అంతదూరం వచ్చినవాడు కడుక్కునేవాడే.

ఇంకొకటి ఉంది. దాన్ని నేను డెగ్లూర్ మామకు చెప్పలేదు, అత్తకు చెప్పలేదు. అక్క తన చేత్తో ఇస్తానందని నేను చెప్పాను. ఆయన ఆ చేతి కోసం వచ్చాడు. నీళ్ళున్నాయి, చెయ్యి లేదు. ఇంకా తన పంతం మీదే ఉందనుకుని వెనక్కి తిరిగి ఉండవచ్చు. నేను ఆ మాట కల్పించకుండా, "రానియ్యి అన్నది" అని ఉన్నదున్నట్టు చెబితే, ఆ గంగాళం ఆయనకు చాలేదేమో.

కాని ఆయన వచ్చాక నన్ను అడిగాడు, అందరూ మంచిగనే ఉన్నారా అని. అది చావు అనుకున్నవాడు అడిగే ప్రశ్నే. చేతి కోసం చూసి దొరకనివాడు కూడా అదే అడుగుతాడు, అక్క ఎలా ఉందో సూటిగా అడగలేక. నేను బడిలో ఇరవై ఏళ్ళుగా పిల్లలకు రెండు వైపులా వాదించడం నేర్పుతున్నాను. దీన్ని ఎటు వైపు నుంచి వాదించినా నేనే గెలుస్తున్నాను, నేనే ఓడుతున్నాను.

అందుకే చుట్టాలను వదిలేసి నిన్నే అడుగుతున్నాను. చిన్నబాపూ, ఆ నీళ్ళ మీదికి వంగినప్పుడు నీకు కనపడింది చావా, నా అబద్ధమా?